బరువు రాసేముందు షుగరు రాస్తారు

విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందుల్లోకి తిరిగితే ఒకప్పటి బియ్యం గోదాము ఒకటుంది. బస్తాలు తూచిన పాత కాటా తలుపు పక్కనే ఇంకా ఉంది. ఇప్పుడు దానిమీద మనుషులు ఎక్కి దిగుతున్నారు. లోపల గోడవార ఇనుప ప్లేట్లు, డంబెల్స్, రెండు బార్లు, చేతుల్లేని నాలుగు చెక్క కుర్చీలు. ఏసీ లేదు, హోరెత్తే పాటల్లేవు, కండలు చూసుకునే నిలువుటద్దాల్లేవు.

పొద్దున్న బ్యాచ్‌లో ఉన్నవాళ్లంతా నలభై అయిదు దాటినవాళ్లే. మాత్ర వేసుకోనివాళ్లు లేరు. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఇంకొకరికి థైరాయిడ్. గుండెలో స్టెంటు వేయించుకున్నాయన ఒకరు, కీళ్లవాతంతో వేళ్లు వంకర తిరిగినావిడ ఒకరు. నడిపేది ఒక ఫిజియోథెరపిస్టు. కుర్రతనంలో జిల్లా పోటీల్లో బరువులెత్తినాయన. ఎంత పెద్దవాళ్లయినా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. నాకూ రోజూ ఒక బీపీ మాత్ర ఉంది, సాయంత్రం కాస్త నడక ఉంది. నడక చాలదని ఈమధ్య డాక్టర్లు అంటుంటే, చాలనిది ఏమిటో చూద్దామని వెళ్లాను.

లోపలికి రాగానే ఎవర్నీ ఇనుము ముట్టుకోనివ్వరు. ముందు బల్ల దగ్గర కూర్చోవాలి. అక్కడ బీపీ మిషను, షుగరు చూసుకునే గ్లూకోమీటరు, గ్లూకోజు డబ్బా, ఒక్కొక్కరికీ ఒక్కో పొడుగాటి నోటుపుస్తకం. అనుమతి అడిగి ఒకటి తెరిచాను. స్కేలుతో గీసిన గళ్లలో మొదటిది షుగరు, తర్వాత బీపీ, నిద్ర, నొప్పి లేదా వాపు, చివర్న ఎత్తిన బరువు. ఒక వరసలో ఇలా ఉంది: ‘షుగరు 142, బీపీ 138/86, నిద్ర 4 గంటలు, ఎడమ మోకాలు వాపు. డెడ్‌లిఫ్ట్ 30కి బదులు 20 కిలోలు. స్క్వాట్ వద్దు, కుర్చీ చాలు.’ కింది వరసలో మళ్లీ 30. రెండు పేజీల తర్వాత 35.

పుస్తకంలో ఎక్కడా ‘రాలేదు’ అని పెద్ద ఖాళీలు కనిపించలేదు. బాగాలేని రోజున బరువు తగ్గింది కానీ మనిషి మానలేదు. “ఒంట్లో బాగున్న రోజే చేస్తానంటే వీళ్లకి ఆ రోజు ఎప్పుడొస్తుంది? ఉన్న ఒంటితో ఇవాళ ఎంతవరకు చెయ్యొచ్చో చూసుకోవడమే ఇక్కడ పని,” అన్నారు మాస్టారు.

ఆ ‘ఎంతవరకు’కి గట్టి లెక్కలే ఉన్నాయి. కూర్చుని ఉన్నప్పుడు బీపీ 180/110 దాటితే ఆరోజు బరువుల్లేవు, డాక్టరు దగ్గరికి వెళ్లడమే. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి షుగరు 90 లోపు ఉంటే ముందు ఏదైనా తినాలి, తిని మళ్లీ చూసుకోవాలి. షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు కళ్ల పరీక్ష కాగితం తేవాలి. రెటీనాలో కొత్త రక్తనాళాలు మొలిచే దశలో ఉంటే పెద్ద బరువు ముక్కి ఎత్తినప్పుడు కంట్లో రక్తం చిమ్మే ప్రమాదం ఉంది. ఊపిరి బిగబట్టి ఎత్తడం ఎవరికీ కుదరదు. బిగబట్టిన ఆ క్షణంలో రక్తపోటు అమాంతం ఎగబాకుతుంది. అందుకే గది నిండా వినిపించేది ఊపిరి వదిలే చప్పుడే. ఎవరిదైనా ఆగిందా, మాస్టారు ఎక్కడున్నా “ఊపిరి, ఊపిరి” అని అరుస్తారు.

స్టెంటు వేయించుకున్నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కార్డియాలజిస్టు సరేనని రాసిచ్చాకే ఇక్కడ చేర్చుకున్నారట. ఛాతీకి రబ్బరు పట్టీ లాగుతూ నాతో మాట్లాడుతున్నారు. ఆ మాట్లాడడం కూడా వ్యాయామంలో భాగమే. ఆయన వేసుకునే బీటా బ్లాకర్ మాత్ర గుండె వేగాన్ని పెరగనివ్వదు. నాడి పట్టుకుని చూస్తే ఎంత శ్రమపడుతున్నారో తెలియదు. చేస్తూ ఒక వాక్యం పూర్తిగా అనగలిగితే ఫరవాలేదు, మధ్యలో తెగిపోతే ఆపాలి. ఆయనకి షుగరు కూడా ఉంది. ఇదే మాత్ర షుగరు పడిపోయినప్పుడు వచ్చే గుండెదడని కూడా కనిపించనివ్వదు. చెమట మాత్రం పడుతుంది. “అందుకని చల్లచెమట పట్టిందంటే చాలు, ఎవర్నీ అడక్కండా గ్లూకోజు నోట్లో వేసీసుకుంటానమ్మా,” అన్నారాయన. వాక్యం తెగలేదు.

కీళ్లవాతం ఆవిడ వంతు వచ్చింది. ఆవిడ గుప్పిట పూర్తిగా ముడుచుకోదు. సన్నటి డంబెల్ పట్టుకుంటే జారిపోతుంది. వాళ్లింటి పాత తువ్వాలు తెచ్చి పిడికి చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేశారు. పిడి లావెక్కేసరికి వేళ్లు అంతగా ముడవక్కర్లేకుండా పట్టు దొరికింది. మూడు కిలోలు. భుజం దాకా తెచ్చి, ఆగి, మెల్లగా దించుతున్నారు. ఎత్తడానికి పట్టినదానికి రెట్టింపు సమయం దించడానికి పడుతోంది. పది అయ్యాక మాస్టారు, “ఇంకెన్ని వస్తాయి?” అని అడిగారు. “మూడొస్తాయి మాస్టారూ.” “అయితే ఆపేయండి.”

ఇంకా మూడు చేయగల ఓపిక ఉండగానే ఆపడం ఇక్కడి పద్ధతి. వరసగా రెండుసార్లు పన్నెండు తేలిగ్గా చేస్తేనే బరువు పెరుగుతుంది, అదీ కిలో లెక్కన. కీళ్లు ఎర్రబడి వేడెక్కిన రోజుల్లో ఆవిడ డంబెల్ జోలికే పోరు. అరచేతిని గోడకి ఆనించి, కీలు కదపకుండా పది సెకన్లు నొక్కి వదులుతారు. ఈ జబ్బుకి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారడమే కాదు, తొడలు, భుజాల కండరాలు కూడా సన్నబడతాయి. “మరుగుదొడ్లో కూకుంటే పైకి లెగలేకపోయీదాన్ని. మా కోడల్ని కేకెయ్యాల్సొచ్చీది. అదే నాకు పెద్ద నామోషీ,” అన్నారావిడ. ఇప్పుడు? “ఇప్పుడేటి, తలుపు గెడ ఏసుకుంటన్నాను.”

గోదాములో ఒకే ఒక్క అద్దం ఉంది. అడుగెత్తు పీటమీద, నేలకి దగ్గరగా, వాలుగా పెట్టారు. షుగరు ఉన్నవాళ్లు బూట్లు విప్పాక అరికాళ్లు దాన్లో చూసుకోవాలి. నరాలు మొద్దుబారినవాళ్లకి బొబ్బ లేచినా నొప్పి తెలియదు కాబట్టి కళ్లతోనే వెతకాలి. ఉత్తకాళ్లతో బరువులెత్తడం పూర్తిగా నిషేధం. అద్దానికి పైన గోడమీద కోడి రామ్మూర్తి నాయుడుగారి పటం ఉంది. 1882లో వీరఘట్టంలో పుట్టి, ఈ ఊళ్లోనే వ్యాయామం నేర్చి నేర్పి, ఛాతీమీద ఏనుగుని నిలబెట్టి కలియుగ భీముడనిపించుకున్న మనిషి. ఏ తాలింఖానాలోనైనా ఆ పటం ఉంటుంది. ఇక్కడ మాత్రం కొత్తగా చేరినవాళ్లకి మాస్టారు ఏనుగు సంగతికంటే ముందు చివరి రోజుల సంగతి చెబుతారు. అంతటివాడికీ కాలిమీద రాచపుండు లేచి కాలు తీసేయాల్సి వచ్చింది. బలం ఉన్నంత మాత్రాన జబ్బు తప్పుకుని పోదని తెలిసినవాళ్లే ఇక్కడ నిలబడతారని ఆయన నమ్మకం.

మరి ఈ బలం దేనికి? ఆ ప్రశ్న అడిగితే ఆయన చుట్టూ ఉన్న గోడల్ని చూపించారు. “గోదాము చిన్నదైపోతే బస్తాలు వీధిలో ఉంటాయి. మన ఒంట్లో చక్కెరకి గోదాము కండరం.” తిన్నది చక్కెరగా మారి రక్తంలోకి వచ్చాక, ఇన్సులిన్ సాయంతో దాన్లో ఎక్కువ వాటాని తీసుకునేది కండరాలే. ముప్పై దాటాక పదేళ్లకి 3 నుంచి 8 శాతం చొప్పున కండరం తరిగిపోతుంది, అరవై దాటాక ఇంకా జోరుగా. టైప్ 2 షుగరులో ఉన్న కండరం కూడా ఇన్సులిన్‌కి సరిగా లొంగదు. అయితే బరువు ఎత్తుతున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే చక్కెరని లోపలికి తీసుకుంటుంది. అలా ఒకసారి చేసినదాని మేలు ఒకటి రెండు రోజులుంటుంది. వరసగా రెండు రోజులకి మించి ఖాళీ ఉండకూడదని ఇక్కడ పట్టుబట్టేది అందుకే.

మన దేశంలో 10.1 కోట్లమందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో తేల్చింది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాయామ సూచనలు సవరించినప్పుడు, దీర్ఘకాలిక జబ్బులతో బతుకుతున్నవాళ్లకి వేరుగా ఒక భాగం చేర్చింది. వాళ్లు కూడా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలంది. వయసు మించిపోయిందనే సాకుకి అంతకు ముప్పై ఏళ్ల ముందే జవాబు దొరికింది. 1990లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం బోస్టన్‌లో ఒక వృద్ధుల నివాసంలో తొంభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకి బరువులు ఎత్తించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది.

చూడ్డానికి వచ్చినవాళ్లని కూడా మాస్టారు ఊరికే కూర్చోనివ్వరు. నా బీపీ చూసి, చెక్క కుర్చీ గోడకి ఆనించి, చేతులు రొమ్ముమీద కట్టుకోమన్నారు. 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చుంటారో లెక్క. అరవై నుంచి అరవై నాలుగేళ్ల ఆడవాళ్లకి పన్నెండు కంటే తక్కువైతే పడిపోయే ముప్పు ఉన్నట్టు. నేనింకా ఆ వయసుకి రాలేదు. లెక్క మాత్రం ఆ గీతకి కాస్త పైన ఆగింది. రోజూ నడిచే కాళ్లు లేచే పనికి ఇంతగా వణుకుతాయని అనుకోలేదు. నడక గుండెకి, ఊపిరితిత్తులకి చేసే మంచి వేరు, కూర్చున్న ఒంటిని పైకి లేపే బలం వేరు. ఒకటి చేస్తుంటే రెండోది దానంతటదే రాదు.

అందరికీ ఇక్కడ కుదురుతుందని కాదు. నేనున్నప్పుడే ఒకాయన ప్రొటీన్ పౌడరు డబ్బాతో వచ్చారు. కొట్టువాడు అంటగట్టాడట. మాస్టారు ఆయన పాత రిపోర్టులు తిరగేసి, క్రియాటినిన్ ఎక్కువగా ఉందని చూసి డబ్బా మూత కూడా తీయనివ్వలేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు ఎంత మాంసకృత్తులు తినాలో వాళ్ల నెఫ్రాలజిస్టు చెప్పాలని పంపేశారు. పక్కనే శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల జబ్బుతో అల్లాడే ఉద్దానం ఉండగా, ఈ ప్రాంతంలో ఆ మాట తేలిగ్గా తీసుకునేవాళ్లు లేరు. ఇంకొందరు నెల తిరిగేసరికి మానేస్తారు. షుగరు కాస్త దిగగానే మాత్రలు తామే ఆపేసి, మళ్లీ పెరిగాక మొహం చెల్లక రానివాళ్లే వాళ్లలో ఎక్కువని మాస్టారు బాధపడ్డారు. బరువులెత్తడం మొదలయ్యాక మందు తగ్గించాల్సి రావచ్చు. ఆ పని డాక్టరే చెయ్యాలి.

పది గంటలకి ఆడవాళ్ల బ్యాచ్ మొదలైంది. అందులో నెల్లిమర్ల వైపు పల్లె నుంచి వచ్చే ఒక ఆశా కార్యకర్త ఉన్నారు. యాభై ఏళ్లావిడ, షుగరు మనిషే. చీరమీద పాత షర్టు తొడుక్కుని, ఇరవై కిలోల బారు నేలమీంచి లేపారు. నడుం వంగలేదు, తుంటి దగ్గర మాత్రమే మడత పడింది. బారు మోకాళ్లకి రాసుకుంటూ పైకొచ్చింది.

ముప్పై దాటినవాళ్లందరికీ షుగరు, బీపీ చూసే సర్కారు కార్యక్రమం ఊళ్లలో నడుస్తోంది కదా, అక్కడ ఇలాంటివి ఎవరైనా చెబుతారా అని ఆవిణ్ణి అడిగాను.

“నడవమని చెప్తారు మేడం. నానైతే మాత్రలకొచ్చినోళ్లని ఊరికే పంపను. కుర్చీలోంచి చేతులు ఆన్చకండా పదిసార్లు లెగమంటాను. గోడని తొయ్యమంటాను. ఆపైన అయిదు కిలోల బియ్యం సంచి, గుండెలకి అదుముకుని లెగమంటాను.”

నవ్వరా?

“మొదట నవ్వీసినారు. ఇప్పుడు మా ముసిలోళ్లు ఎవులు ఎన్నిసార్లు లెగిసినారో పందేలు ఏసుకుంటన్నారు.”

గోదాము అద్దె, ఇనుము, మాస్టారు చదివిన చదువు అన్ని ఊళ్లకీ రావు. అన్నిటికంటే ముందు అవసరమైనవి మాత్రం ఆ పల్లెకి చేరాయి: ముందు బీపీ చూడడం, చేతుల్లేని కుర్చీ, ఆపమని చెప్పే మనిషి. ఆశా కార్యకర్త రిజిస్టరులో షుగరుకి, బీపీకి, మాత్రలకి, ఒంటి బరువుకి అచ్చేసిన గళ్లున్నాయి. ఎత్తిన బరువుకి లేదు. ఆవిడ సంచిలోంచి రిజిస్టరు తీసి చూపించారు. పేజీ చివర పెన్నుతో ఇంకో నిలువు గీత కొట్టి, పైన ‘లెగిసినవి’ అని రాసుకున్నారు. కింద అంకెలు: 4, 6, 6, 5, 9.