వాన వెలిస్తే... రాజహంసలు!

ఉత్తర సముద్రాల ఒడ్డున చలికాలమంటే మంచు తుపాన్లే. నేలమీది మంచు గాలికి లేచిందంటే ఎదురుగా ఉన్న మనిషి కూడా కనిపించడు. తిరుపతి జిల్లా తీరంలో మంచు పడదు కానీ... అక్కడి పులికాట్ సరస్సుకీ చలికాలం వచ్చేది తుపానుతోనే!

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో కంటిమీద కునుకుండదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపాను వందలమందిని పొట్టన పెట్టుకుంది. 2021 నవంబరులో వాయుగుండం తీరం దాటింది చెన్నై వైపైనా, తిరుపతి వీధులు ఏరులయ్యాయి.

అంత భయపెట్టే వానే ఈ సరస్సుకు ప్రాణం. మనదేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగోడలా ఉంటుంది. వేసవిలో సరస్సు ఉత్తర భాగం ఎండి నెర్రెలిస్తుంది. అడుగున తేలిన తెల్లటి ఉప్పును చూస్తే మంచు పడిందేమో అనిపిస్తుంది! కాళంగి లాంటి ఏర్లు పొంగితేనే మళ్లీ నీళ్లు. ఆ వరద తోసుకుంటూ పోతేనే ఇసుక మేటవేసిన ముఖద్వారాలు తెరుచుకుంటాయి, సముద్రంలోంచి రొయ్యపిల్లలు లోపలికొస్తాయి. తుపాను రోజుల్లో పడవ కట్టేసి పస్తులున్న జాలరికి ఆ తర్వాత నాలుగువేళ్లూ నోట్లోకి వెళ్లేది ఆ వరద చలవతోనే. రాయదొరువు ముఖద్వారంలో పూడిక తీయాలని మత్స్యకారులు ఏళ్లతరబడి అడుగుతున్నదీ అందుకే.

రాజహంసలదీ (ఫ్లెమింగోలు) అదే కథ. నీళ్లు లేకపోతే మేత ఉండదు. మరీ ఎక్కువైతే కాళ్లానవు! అందుకే వాన వెలిసి, నీళ్లు మోకాలి లోతుకు తగ్గాక గుంపులుగా దిగుతాయి. దగ్గర్లోని నేలపట్టు చెరువులో నీళ్లలో నిలిచే కడప చెట్లమీద గూడబాతులు గూళ్లు కడతాయి. వాటి రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని రైతులు ఆ పక్షుల జోలికి పోరు.

డిసెంబరు, జనవరి నెలలు చూడ్డానికి అనువైనవి. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరుకోవచ్చు. అక్కడినుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే సాగుతుంది. అటకానితిప్ప దగ్గర ఆగితే చాలు, రెండువైపులా పక్షులే.

వాన రావాలి, కొంప ముంచకూడదు... ఏటా ఆ తీరం కోరుకునేది ఇదే. పక్షులడిగేదీ అంతే!