ఎడిసన్‌లో దెయ్యాల కేకు
అక్టోబరు నెలాఖరులో న్యూజెర్సీలోని ఎడిసన్‌ వీధుల్లో తిరగాలంటే కాస్త గుండెధైర్యం ఉండాలి. గుమ్మాలకు సాలెగూళ్లు, చెట్లకు అస్థిపంజరాలు, మెట్లమీద పళ్లికిలించే గుమ్మడికాయలు! 31న హాలోవీన్‌ కదా మరి. మా అమ్మాయి ఇంటికెళ్లిన నేనూ ఆ హడావుడిలో పడ్డాను.

'అమ్మమ్మా, సమాధుల కేకు చేద్దాం' అంది ఎనిమిదేళ్ల మనవరాలు. నాకు మనసొప్పలేదు. వాళ్ల తాతయ్య పోయి రెండేళ్లయినా కాలేదు. తినే వస్తువుమీద సమాధులేంటి? అప్పుడు చెప్పింది మా అమ్మాయి... పూర్వం ఇంగ్లండులో ఈ రోజుల్లోనే, పోయినవారి కోసం ప్రార్థిస్తామంటూ ఇంటింటికీ వచ్చే పేదలకు 'సోల్‌ కేకులు' పెట్టేవారట. మన ఇళ్లలో పెద్దల పేరున నలుగురికి అన్నం పెట్టినట్టే అనిపించింది. సరేనని కొంగు దోపాను.

చాక్లెట్‌ కేకు చల్లారాక క్రీమ్‌ పూసి, నలిపిన చాక్లెట్‌ బిస్కట్లను మట్టిలా చల్లాం. పొడవాటి బిస్కట్లు నిలువుగా గుచ్చితే సమాధి రాళ్లు! అసలు తమాషా సాలెగూడుది. మార్ష్‌మాలోలను మైక్రోవేవ్‌లో అరనిమిషం కరిగించి, కాస్త ఆరాక వేళ్లతో లాగితే సన్నటి తీగలు సాగుతాయి. వాటిని కేకుమీద అడ్డదిడ్డంగా చుట్టేయడమే. చేతులకు నూనె రాసుకోవడం మరిచారో, అంతే సంగతులు! (మార్ష్‌మాలోల్లో మామూలుగా జెలటిన్‌ ఉంటుంది. శాకాహారులు అది లేనివి చూసి కొనుక్కోవాలి.)

'ఈ రాయిమీద తాతయ్య పేరు రాయనా?' అందా పిల్ల. వాళ్లమ్మ కసురుకోబోయింది.

'రాయిమీద వద్దులే. ఆయన పేరున ఓ ముక్క తీసి ఉంచు' అన్నాను.

సాయంత్రం సీతాకోకచిలుక వేషంలో వచ్చిన పక్కింటి పాప ఆ ముక్కను మూతినిండా పూసుకుని తింది.