కుక్కరుకో న్యాయం, కారుకో న్యాయమా?

ఆమధ్య నందికొండలో పైలాన్ కాలనీ నుంచి హిల్ కాలనీకి కారులో వస్తున్నాం. ఎత్తు ఎక్కేచోట ఇంజను హోరుమంటోంది, బండి మాత్రం కదలదు. ఒకటే మాడు వాసన! వెనకాల లారీ, ఒళ్ళో మనవరాలు. నా గుండె జారిపోయిందనుకోండి.

స్పీడు కోసం ఇంజను బలం పెంచిన మావాడు క్లచ్ ప్లేటు ఒక కంపెనీది, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఇంకో కంపెనీది వేయించాడట!

"వెడల్పు కలిస్తే చాలదమ్మా. మందం, నడిమి పళ్ళు, నొక్కే బలం అన్నీ కుదరాలి. పట్టు చాలక జారింది" అన్నాడు మెకానిక్.

వేరే కంపెనీ గాస్కెట్ వేస్తే నా కుక్కరు ఆవిరి నిలపలేదు. ఇదీ అంతేగా! ఈసారి సెట్టుగా వేయించాం. మీ ఇంట్లోనూ ఓ మాట అడిగి చూడండి.