శాన్‌ఫ్రాన్సిస్కోలో నిలిపిన కారు

మూడువైపుల నీరు, నడుమ కొండలు, ఆ కొండల మీదనే వీథులు. శాన్‌ఫ్రాన్సిస్కో నగర మిట్టిది. సుమారు ఏడుమైళ్ల పొడవు, ఏడుమైళ్ల వెడల్పు గల ఈ నేలపై నడివేసవిలో సైతము పొగమంచు సముద్రము నుండి దిగివచ్చి, శాలువ కప్పుకొననిదే నిలువనీయదు. 1937లో తెరచిన గోల్డెన్‌గేటు వంతెన గోపురములు 746 అడుగుల యెత్తు గలవి. ఒక్కొక్క ఉదయమున అవి కంఠమువఱకు మంచులో మునిగి, శిరస్సులు మాత్రమే పైకి తేల్చి నిలుచుండును. ఈ నగరమునకు సమీపముననే ఫ్రీమాంటు, సన్నివేలు, శాన్‌హోసే పట్టణములలో మన తెలుగు కుటుంబము లెన్నియో కాపురమున్నవి. కూతురి పురిటికో, మనుమల సెలవులకో వెళ్లిన తల్లులను ఆదివారమునాడు కారులో నెక్కించుకొని ఈ వంతెన చూపుట వారికి పరిపాటి.

అచ్చటికి పోవు సోదరీమణులు కన్నులు పైకెత్తి గోపురములను చూచునట్లే, ఒకమాఱు తలవంచి కాలిబాట అంచునుగూడ చూడవలయును. నీలిఛాయ గల గాజుపలుకులు అచ్చటచ్చట కుప్పలుగా పడియుండును. తొలిచూపున కలకండ ఒలికినదని తోచును. అవి పగిలిన కారు కిటికీలు. 2017లో ఈ నగరమున కార్లు పగులగొట్టి సామాను దొంగిలించినట్లు పోలీసువారికి అందిన ఫిర్యాదులు 31 వేలకు మించినవి. 2024లో అంతకుముందటి యేటితో పోల్చగా ఇవి సగమునకు పైగా తగ్గినవి. తగ్గినవే కాని తొలగిపోలేదు.

అద్దము పగులుట కెంతసేపు పట్టునని అడుగుదురేమో, రెప్పపాటు చాలును. కారు ముందుటి అద్దమున రెండు గాజుఫలకముల నడుమ సన్నని పొర యుండును. అది చిట్లినను ఊడిపడదు. ప్రక్క కిటికీల గాజు సామాన్యముగా వేఱు. దానిని కాచి, చప్పున చల్లార్చి గట్టిపఱతురు. పైపొర బిగిసి, లోపల లాగుడు నిలిచిపోవును. పిడికిటితో గుద్దినను చెదరని ఆ గాజుపై స్పార్కుప్లగ్గులోని పింగాణి తునక యొకటి విసరినచో, ఆ గంటునుండి లోపలి లాగుడంతయు విడివడి, కిటికీ మొత్తము పలుకులై రాలును. పెద్ద చప్పుడుకూడ కాదు. వెనుకవైపు చిన్న కిటికీని పగులగొట్టి, చేయి లోనికి జొనిపి, వెనుక సీటును ముందునకు మడచి, డిక్కీలో నేమున్నదో చూచి పోవుట ఈ దొంగల కలవాటు. కావున డిక్కీలో పెట్టితిమి గదాయను ధీమా ఇచ్చట పనికిరాదు.

1915 నాటి ప్రదర్శన కొఱకు కట్టిన లలితకళల భవనమొకటి ఈ నగరమున చెఱువుగట్టున నున్నది. పెండ్లి బట్టలతో ఫొటోలు తీయించుకొనువారు, హంసలను చూచు పిల్లలు అచ్చట ఎప్పుడును ఉందురు. అచ్చటనే ఒక తెలుగు కుటుంబము కనబడినది. మాట తీరునుబట్టి కృష్ణాజిల్లా వారని తెలిసికొంటిమి. ఇరువది నిమిషములు చెఱువు చుట్టివచ్చునంతలో వారి అద్దెకారు కిటికీ పోయినది, సీటు క్రింద శాలువ కప్పి దాచిన చేతిసంచియు పోయినది. కుమారుడు ఫోనుపై పోలీసువారి ఫిర్యాదు పత్రము నింపుచుండగా, ఆ పెద్దావిడ మా కోడలి చేయి పట్టుకొని, "అమ్మా, పాస్‌పోర్టులు పోతే పోయాయి, మళ్ళీ ఇస్తారు. ఆయన గుండె మందులన్నీ అందులోనే ఉన్నాయి. రాత్రికి ఏం వెయ్యాలి?" అని యడిగినది. ఆయన ప్రక్కనే బల్లపై కూర్చుండి, "ఒక్కపూటకేం కాదులేవే" యని ఆమెను సముదాయించుచుండెను. ఆ దేశమున వైద్యుని చీటీ లేనిదే అట్టి మందులు అంగడిలో నీయరు. మందుల పేర్లు వ్రాసిన పాత చీటీ ఫొటో కుమారుని ఫోనులో నుండుటచేత, ఒక వైద్యునితో ఫోనులోనే మాటాడి, చీకటిపడు వేళకు మందులు సంపాదింపగలిగిరి. ఆ ఫొటో లేకున్న ఆ రాత్రి ఎట్లు గడచెడిదో!

శాలువ కప్పుటవలన సంచి దాగలేదు. ఏదో దాచినారని తెలియజేసినది. వ్రేలాడు చార్జరు తీగ ఫోనున్నదని చెప్పును. ఆవకాయ సీసా నెవరెత్తుకొని పోదురని నవ్వుకొందుము కాని, సంచిలో నున్నది ఆవకాయో ఆభరణమో పగులగొట్టువానికి ముందుగా తెలియదుగదా. మా కోడలు కారును ఇంటికడనే ఖాళీచేయును. ముందుపెట్టె తెరచి, సీట్లపై చిల్లర నాణెమైన మిగులకుండ చూచును. డిక్కీలో పెట్టవలసినది ఏదైన నున్నచో బయలుదేరునప్పుడే పెట్టును. దిగినచోట డిక్కీ తెరచి సామాను సర్దుట కనిపెట్టియుండువానికి ఆహ్వానము వంటిది. పాస్‌పోర్టు, మందులు, నగలు ఆడవారి భుజము మీది సంచిలోనే యుండవలయును. పాస్‌పోర్టు నకలు మాత్రము ఇంటిలో వేఱుగా నుంచుట మేలు. నిజముగా పోయినచో పోలీసు ఫిర్యాదు సంఖ్యతో ఆ నగరముననే యున్న భారత కాన్సులేటునకు పోవలయును.

కొందరు విసిగి, కారు తలుపులకు తాళము వేయక, "లోపల ఏమియు లేదు" అని కాగితము అంటించి పోవుదురు. అద్దము ఖర్చు తప్పునని వారి లెక్క. నాకిది సమ్మతము కాదు. అద్దము దక్కును గాని కారే పోవచ్చును. పగులగొట్టుచున్న వాని కెదురుపడుట అంతకంటె ప్రమాదకరము. వాని చేత తుపాకి యుండవచ్చును. దూరముగా నుండి పోలీసువారిని పిలుచుటే మంచిది.

చట్టమునందొక వింత యుండెడిది. కారుదొంగతనము నేరముగా రుజువు కావలెనన్న, తలుపులకు తాళము వేసియున్నట్లు కాలిఫోర్నియా న్యాయస్థానమున చూపవలసివచ్చెడిది. అద్దము పగిలియుండుట మాత్రమే చాలెడిది కాదు. యాత్రకు వచ్చినవారు సాక్ష్యము కొఱకు వేలమైళ్లు మరల వత్తురా? 2024లో చేసిన చట్టము ఈ లొసుగును పూడ్చినది. 2025 జనవరి 1 నుండి బలవంతముగా కారులో జొరబడినట్లు రుజువైన చాలును.

కారు నిలుపుటలో ఇంకొక నియమముకూడ నున్నది గాని, అది దొంగలకు గాక కొండకు సంబంధించినది. వాలువీథిలో నిలిపినప్పుడు ముందు చక్రములను త్రిప్పి యుంచవలయును. పల్లమునకు ముఖముగా నున్న కాలిబాట వైపునకు, మిట్టకు ముఖముగా నున్న వీథివైపునకు. పట్టు తప్పినను బండి గట్టునకు ఆని నిలుచును.

కారు లేకయే పోవుట అన్నిటికంటె సుఖము. ఫ్రీమాంటులో బార్టు రైలెక్కిన, నగరపు రేవుకడ ఎంబార్కడేరోలో దిగవచ్చును. అక్కడనుండి 1873 నాటి పద్ధతిలో నేలక్రింది ఇనుపత్రాడు పట్టుకొని కొండలెక్కు కేబుల్ కార్లున్నవి. మొదటి మిట్టపైననే, వెనుదిరిగి చూచిన వీథి చివర నీరు తళుక్కున మెఱయును. మేము రెండవమాఱు అట్లే పోతిమి. మా వియ్యపురాలు ఒడిలో సంచి నిడుకొని, ప్రక్కబల్లపై కూర్చుండి, బండివాడు గంట వాయించినప్పుడెల్ల పసిపిల్లవలె నవ్వినది.