ఱెక్కను గాలి విడుచుట

యంత్రము చెడిననే విమానము కూలునని మా విద్యార్థులు పలువురు తలంతురు. ఎల్లప్పుడును అట్లు కాదు. ఱెక్క గాలికెదురుగా కొంచెము వాలియుండి, గాలిని క్రిందికి మరల్చును. అందులకు ప్రతిచర్యగా తాను పైకెత్తబడును. వాలు హెచ్చినకొలది పైకెత్తు బలమును హెచ్చును. కాని సామాన్యముగా 15 డిగ్రీల ప్రాంతమున, ఱెక్క వీపునంటి పారు గాలి దానిని విడిచి సుడులు తిరుగును. బలము తటాలున తగ్గును. దీనినే స్టాల్ అందురు.

2009 జూన్ 1వ తేదీ రాత్రి, రియో డి జనీరో నుండి పారిస్ పోవుచుండిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానమునకు ఇదియే సంభవించెను. వేగమును కొలుచు గొట్టములు మంచుచే మూసికొనిపోగా, పైలట్ విమానపు ముక్కును పైకెత్తెను. యంత్రములు రెండును చక్కగ పనిచేయుచునే యుండెను. అయినను 38,000 అడుగుల ఎత్తునుండి, ముక్కు పైకెత్తియే, మూడున్నర నిమిషములలో అది సముద్రమున పడెను. 228 మంది మరణించిరి.

ముక్కును సకాలమున దించియుండినచో గాలి మరల ఱెక్కనంటుకొనెడిది. పడిపోవుచు ఇంకను దించుటయా యని మా పిల్లలు నవ్వుదురు. మేము వారిని తప్పుపట్టము. నేల కానరాని చీకటిలో మనిషి చేయి కర్రను వెనుకకే లాగును. చాలసేపటినుండి అట్లే లాగుచుంటినని ఆ పైలట్ తోడివారికి తెలిపినది కడపటి నిమిషముననే.