అంబాసిడర్ నెత్తిన సర్ఫ్ బోర్డు



మీ వైపు వానలు పడ్డాయా? మా విశాఖలో మబ్బు పట్టడమే గాని కురిసింది లేదు. అలలు మాత్రం బాగా లేస్తున్నాయి. అందుకే సర్ఫింగ్ చేసే మా మేనల్లుడు తెల్లారకముందే గేటు దగ్గర నిలబడి "మావయ్యా, బండి తీద్దామా?" అంటున్నాడు.

బండంటే మా పాత అంబాసిడరే. ఇంకా రోజూ దాన్నే నడుపుతున్నావా అని మీరు నవ్వుతారని తెలుసు. షెడ్లో దాచి పండక్కి తుడుచుకోవాల్సింది కదా అంటారు. దాచితేనే పాడవుతుందండీ. కార్బురేటర్లో పెట్రోలు జిగటెక్కుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బర్లు ఎండి పగులుతాయి. కూరగాయలకీ బ్యాంకుకీ తిప్పుతూ ఉంటే కొత్త చప్పుడేదైనా వచ్చిన రోజే చెవిన పడుతుంది.

ఇక సర్ఫింగ్ సంగతి. ఈ బండి టాపుకి రెండు వైపులా వాననీళ్లు జారిపోయే రేకు గట్టరుంది చూడండి, ఇప్పటి కార్లకు అది కనబడదు. పూర్వం ట్యాక్సీవాళ్లు దానికే క్యారియర్ బిగించి పెళ్లివారి ట్రంకుపెట్టెలు కట్టేవారు. ఇప్పుడు అక్కడ మావాడి తొమ్మిదడుగుల బోర్డు పడుకుంటోంది. వెనక బెల్టు కాస్త గట్టిగా లాగితే చాలు, కదలదు. కాలిఫోర్నియాలో 1950లు, 60లలో సర్ఫింగ్ కుర్రాళ్లు చెక్క బాడీ పాత బండ్లు కొనుక్కున్నదీ షోకు కోసం కాదట. చెక్క బాగుచేయించలేక జనం చవగ్గా వదిలించుకునేవారు, బోర్డు లోపలే పట్టేది. అంతే.

ఋషికొండ దాటి భీమిలి వైపు వెళ్తుంటే 1489 సీసీ ఇంజను 60 పైకి వెళ్లడానికి గొణుగుతుంది. వెళ్లనివ్వను నేను కూడా. తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ పోవడానికి అంతకంటే వేగమెందుకు? తిరిగొచ్చేటప్పుడు తడి నిక్కరుతో సీటెక్కినా రెక్సినే కదా, గుడ్డతో ఒక తుడుపు!

తుప్పు సంగతి అడగబోతున్నారు, అవునా? ఉప్పుగాలి దీనికి బద్ధశత్రువు. అందుకే రాగానే మంచినీళ్లతో అడుగుభాగం కూడా కడిగిస్తాను. తలుపుల కింద నీళ్లు కారే కన్నాలుంటాయి, అవి మట్టితో పూడకుండా పుల్లతో పొడుస్తాను. రోహిణి ఎండల్లో పెట్రోలు పంపు వేడెక్కి బండి మొరాయిస్తే, మెకానిక్కులు నేర్పిన తడిగుడ్డ వైద్యం ఉండనే ఉంది. కొత్తగా పట్టించుకోవాల్సింది ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు, మార్పించుకోండి.

మరో మాట. 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగనివ్వరు. అందుకే నాకా హోదా అక్కర్లేదు. మామూలు నంబరే ఉంచి, అయిదేళ్లకోసారి పరీక్ష చేయించి ఆర్సీ పొడిగించుకుంటాను.

మీలో ఎవరింట్లోనైనా స్టీరింగు పక్కన గేరున్న ఫియట్ ఇంకా తిరుగుతోందా? ముందు సీట్లో ముగ్గురు కూర్చుంటున్నారా? తప్పకుండా రాయండి. మావాడు బయట హారన్ కొడుతున్నాడు, ఉంటాను.

మీ
విశాఖ మిత్రుడు