గంట కొట్టిన ఫాదరు, వెనక నడిచినవాళ్లు

మేము నాగాయలంక యానాదులం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట పీతలు పట్టుకుంటూ, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాస్తూ బతికేవాళ్లం. ఎక్కడో మెక్సికోలో నిలబెట్టిన ఒక కతోలిక ఫాదరు విగ్రహంతో మాకేం పని అని మీకు అనిపించవచ్చు. పని ఉంది, వినండి.

ఆయన పేరు మిగేల్ హిదాల్గో. 1753లో పుట్టాడు. స్పెయిన్ దొరల సంతతివాడే. డొలోరెస్ అనే చిన్న ఊళ్లో విచారణ గురువు. ఆ రోజుల్లో అక్కడి ఆదివాసులు తలకింతని రాజుకు పన్ను కట్టాలి. ఈయన వాళ్ల భాషలు నేర్చుకున్నాడు. ఊళ్లోవాళ్లకు కుండల పని, తేనెటీగల పెంపకం, పట్టుపురుగుల పెంపకం చూపించాడు. మా పిల్లలకు పాఠం చెప్పే మాష్టార్లు గమనించాలి: ముందు ఆయన నేర్చుకున్నాడు, తర్వాతే నేర్పాడు.

1810 సెప్టెంబరు 16 తెల్లవారుజామున గుడిగంట కొట్టించి జనాన్ని పోగుచేశాడు. దొరల పెత్తనం ఇక చాలన్నాడు. దారిలో ఒక గుడి నుంచి గ్వాదలూపె మాత పటం తీసుకుని దాన్నే జెండా చేసుకున్నారు. చామనఛాయ తల్లి ఆమె, ఆదివాసులు తమ మనిషిగా చూసుకునే తల్లి. కత్తులు, బరిసెలు, వడిసెలలు పట్టుకుని వేలమంది కదిలారు. గ్వానహ్వాతో ఊరి ధాన్యపు కొట్టును పట్టుకున్నప్పుడు లోపల దాక్కున్నవాళ్లను ఊచకోత కోశారు కూడా. అది దాచిపెట్టి చెప్పే కథ మాకు వద్దు. ఆ డిసెంబరులో బానిసత్వం రద్దని, ఆదివాసుల పన్ను రద్దని, కౌలుకు పోయిన వాళ్ల ఊరుమ్మడి భూములు వాళ్లకే దక్కాలని హిదాల్గో ఆజ్ఞలు వేశాడు. కౌలుకు పోయిన భూమి అంటే ఏమిటో దివిసీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఏడాది తిరక్కుండానే పట్టుబడ్డాడు. గురుపట్టం ఊడబీకి, 1811 జూలై 30న కాల్చి చంపారు. ఆయన తలను, మరో ముగ్గురి తలలను అదే ధాన్యపు కొట్టు నాలుగు మూలలా ఇనుప బోనుల్లో వేలాడదీశారు. 1821లో స్వాతంత్ర్యం వచ్చేదాకా అవి దిగలేదు. ఇప్పుడు ఆ మూలల్లో ఆ నలుగురి పేర్లు చెక్కి ఉన్నాయి. మెక్సికో నగరంలో 1910లో నిలబెట్టిన స్వాతంత్ర్య స్తంభం దగ్గర ఆయన పాలరాతి విగ్రహం ఉంది. 1925లో ఎముకలు కూడా అక్కడికే చేర్చారు. ఏటా సెప్టెంబరు 15 రాత్రి ఆ దేశాధ్యక్షుడు మోగించేది డొలోరెస్ గంటనే.

మరి వడిసెల పట్టుకున్నవాళ్ల పేర్లు? ధాన్యపు కొట్టు తలుపుకు నిప్పంటించిన గని కూలీ ఒకడున్నాడని చెప్పుకుంటారు. తూటాలు తగలకుండా వీపున బండరాయి కట్టుకుని పాకుతూ వెళ్లాడట. అతనికి కొండమీద పెద్ద విగ్రహమే కట్టారు. జనం నోట నిలిచింది మాత్రం ముద్దుపేరే.

మన్యంలోనూ ఇంతే. అల్లూరి సీతారామరాజుకు భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం 2022 జూలై 4న నిలిచింది. నిలవాల్సిందే. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు మన పిల్లల్లో ఎంతమంది చెప్పగలరు? మా యానాదుల కోసం తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య గారూ బయటివారే. ఆయన మీద మాకు గౌరవం తగ్గదు. కానీ ఆయన వెంట నడిచిన మావాళ్లెవరో మాకే తెలియదు.

1977 నవంబరు 19 ఉప్పెనలో ఈ సీమలో 10,000 మందికి పైగా పోయారు. కాలవ గట్టు గుడిసెలకు ఇంటి నంబర్లు లేవు, రేషను కార్డులు లేవు, అందుకని మావాళ్లు చాలామంది ఏ జాబితాకూ ఎక్కలేదని పెద్దవాళ్లు అంటారు. స్తూపం కట్టే స్తోమత మాకెక్కడిది? ఒక నోటుబుక్కు కొన్నాం. సాయంత్రాలు ముసలివాళ్ల దగ్గర కూర్చుని పోయినవాళ్ల పేర్లు రాస్తున్నాం. ఒక అవ్వ వేళ్లు మడిచి లెక్కపెడుతూ తన చెల్లెలి బిడ్డ దగ్గర ఆగింది. ఆ పాపకు ఇంకా పేరు పెట్టలేదట. తల్లి పేరు రాసి, పక్కన 'కూతురు, రెండు నెలలు' అని రాసుకున్నాం.